చిత్రంతోపాటు పద్ధతినీ పేర్కొనాలి: మదనపల్లె నుంచి శ్రీకాళహస్తి వరకు తెలుగు చిత్రకారుల నూతన రీతులు

(ప్రత్యేక వ్యాసం)

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పేర్లు వినగానే టమాటా మార్కెట్టు, పొట్టి ఆవులు, గ్రానైటు గనులు స్ఫురణకు రావడం సహజం. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో పడమటి మండలాలుగా వ్యవహరించే ఈ ప్రాంతానికి ఆధునిక చిత్రకళతో గల సంబంధం మాత్రం తగినంత ప్రచారం పొందలేదు. బెంగాలులో ఆరంభమైన నూతన చిత్రకళారీతి దక్షిణాదికి వ్యాపించిన మార్గంలో మదనపల్లె ఒక ముఖ్యమైన మజిలీ. పుంగనూరు, కుప్పం పరిసర గ్రామాలలో ఏటా జరిగే భారత ఉత్సవాలు రంగుల ప్రయోగశాలలు. ఇదే ఉమ్మడి జిల్లా తూర్పు అంచున శ్రీకాళహస్తి కలంకారీ నేటికీ సజీవంగా ఉన్నది.

చిత్రకళా ప్రదర్శనల వార్తలలో ప్రారంభించినవారి పేర్లు, వేదికపై ఆసీనులైనవారి పేర్లు విధిగా ఉంటాయి. చిత్రకారుని పేరు చివరి వాక్యంలో వస్తుంది. చిత్రం ఏ పద్ధతిలో వేసినదో తెలిపే వాక్యం తరచుగా కనిపించదు. సమకాలీన చిత్రకారుని ప్రత్యేకతలో అధిక భాగం ఆ పద్ధతిలోనే ఇమిడి ఉంటుంది కనుక ఈ లోపం చిన్నది కాదు. చిత్రం ధర, దానిని భద్రపరచవలసిన తీరు, చివరకు కళాకారుని జీవనోపాధి కూడా పద్ధతిని సక్రమంగా పేర్కొనడంపై ఆధారపడి ఉంటాయి. ఈ దృష్ట్యా కొందరు తెలుగు చిత్రకారుల రీతులను, వాటి వెనుక గల పనితనాన్ని పరిశీలించడం సముచితం.

మదనపల్లెలో కజిన్స్

బెల్ఫాస్టులో 1873లో జన్మించిన ఐరిష్ కవి జేమ్స్ హెచ్. కజిన్స్, అనిబిసెంట్ ఆహ్వానంపై 1915లో భారతదేశానికి వచ్చారు. అనంతరం మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో అధ్యాపకులుగా చేరి, ప్రిన్సిపాలుగా బాధ్యతలు నిర్వహించారు. 1919లో విశ్వకవి రవీంద్రనాథ ఠాకూర్ ఈ కళాశాలలో బస చేసి జనగణమన గీతాన్ని ఆంగ్లంలోకి అనువదించిన విషయం, కజిన్స్ సతీమణి మార్గరెట్ ఆ గీతానికి స్వరలిపి సిద్ధం చేసిన విషయం సుప్రసిద్ధం. ఏటా జాతీయ పర్వదినాలలో పత్రికలు దీనిని స్మరిస్తూనే ఉన్నాయి. చిత్రకళకు కజిన్స్ చేసిన సేవ ఆ స్మరణలో మరుగున పడింది.

అవనీంద్రనాథ ఠాకూర్, ఆయన శిష్యుల చిత్రాలను 1916లో మద్రాసులో ప్రదర్శింపజేసి దక్షిణాది ప్రేక్షకులకు పరిచయం చేసినది కజిన్సే. మైసూరు జగన్మోహన ప్యాలెస్‌లోను, 1935లో ప్రారంభమైన తిరువనంతపురం శ్రీ చిత్రాలయంలోను ఆధునిక భారతీయ చిత్రాలకు స్థానం కల్పించడంలో ఆయన కృషి ఉన్నది. భారతీయ చిత్రకారుడు ఐరోపా తైలవర్ణ చిత్రాలను అనుకరించనవసరం లేదని ఆయన తమ రచనలలో వాదించారు. 1956లో మదనపల్లెలోనే ఆయన కన్నుమూశారు.

కజిన్స్ అంతగా అభిమానించిన ఆ బెంగాలు చిత్రాలలో కొత్తదనం ఏమిటన్న ప్రశ్నకు సమాధానం ఇతివృత్తంలో కంటె నీటిలో ఎక్కువగా దొరుకుతుంది. 1903 ప్రాంతంలో యొకొయామా తైకాన్, హిషిదా షున్సో అనే జపాను చిత్రకారులు కలకత్తా వచ్చారు. వారి పనితీరును గమనించిన అవనీంద్రనాథుడు తనదైన ‘వాష్’ పద్ధతిని రూపొందించుకున్నారు. కాగితంపై పలుచని నీటిరంగు వేసి, ఆరిన పిదప కాగితాన్ని నీటిలో తడుపుతారు. పైపైన నిలిచిన రంగు కరిగిపోగా కాగితపు నూలులోకి ఇంకిన రంగు మాత్రమే మిగులుతుంది. దానిపై మరల రంగు, మరల తడుపు. ఈ ప్రక్రియ అనేక పర్యాయాలు సాగిన మీదట చిత్రమంతటా మంచు కమ్మినట్లు మెత్తని కాంతి ఏర్పడుతుంది. కనులు, వ్రేళ్లు, నగలు వంటి సూక్ష్మరేఖలను చివరగా సన్నని కుంచెతో తీరుస్తారు. పొరపాటున ఒక తడుపు ఎక్కువైతే రోజుల తరబడి చేసిన శ్రమ వృథా కావలసిందే. అటువంటి చిత్రాన్ని ‘మసకబారిన పాత బొమ్మ’గా భావించి కార్యాలయపు గోడపై ఎండ తగిలే చోట తగిలిస్తే కొద్ది కాలంలోనే అది నిజంగా వెలిసిపోతుంది.

తెలుగు ప్రాంతంలో ఈ పద్ధతి మచిలీపట్నం ఆంధ్ర జాతీయ కళాశాలలో వేళ్లూనింది. అక్కడ ప్రమోదకుమార చటోపాధ్యాయ చిత్రకళ నేర్పగా అడివి బాపిరాజు ప్రభృతులు శిష్యులైనారు. రాజమహేంద్రవరంలో దామెర్ల రామారావు (1897–1925) మరొక దారి త్రొక్కారు. కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహంతో బొంబాయి జె.జె. కళాశాలలో శిక్షణ పొంది వచ్చిన దామెర్ల, వంగ చిత్రాల మసకను యథాతథంగా స్వీకరించక, రేఖకు, స్పష్టమైన వర్ణానికి, కన్నులారా చూచిన తెలుగు మనుషుల దేహభంగిమలకు ప్రాధాన్యమిచ్చారు. ఇరువది ఎనిమిదేళ్లు నిండకుండానే మశూచికి బలైన ఆ చిత్రకారుని కృతులు రాజమహేంద్రవరంలో ఆయన పేరిట వెలసిన చిత్రశాలలో ఉన్నాయి.

మట్టి దుర్యోధనుడు

పుంగనూరు, పలమనేరు, కుప్పం పరిసర గ్రామాలలో వేసవి వచ్చిందంటే ద్రౌపదీ ధర్మరాజుల ఆలయాల వద్ద ‘భారతాలు’ ఆరంభమౌతాయి. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అర్జునుడు తపస్సు మాను ఎక్కే ఘట్టం తరువాత అందరూ ఎదురుచూచేది దుర్యోధన వధ. ఆ రోజు కోసం నేలపై వెల్లకిలా పరుండిన భారీ దుర్యోధనుని మట్టితో మలచి, ముఖానికి, మీసాలకు, కిరీటానికి, భుజకీర్తులకు గాఢమైన రంగులు వేస్తారు. భీమ పాత్రధారి గద ఎత్తుకొని ఆ దేహం చుట్టూ తిరుగుతాడు. వధ ముగిసిన తరువాత ఆ మట్టిని శుభప్రదంగా భావించి పిడికెడు తీసుకుపోయేవారు ఉంటారు. కుప్పంలో గంగమ్మ జాతర విశ్వరూప దర్శనం నాడు, పుంగనూరులో సుగుటూరు గంగమ్మ జాతర నాడు కూడా జనసందోహాన్ని దూరం నుంచే ఆకట్టుకొనేది వర్ణవైభవమే.

ఆ దుర్యోధనుని ఎవరు మలిచారు, రంగులు ఎవరు వేశారు అన్న వివరం వార్తలలో దాదాపు కానరాదు. సందర్శకుల సంఖ్య, బందోబస్తు ఏర్పాట్లు సవివరంగా ఉంటాయి. ఒక్కరోజు మాత్రమే నిలిచే కళాకృతికి ఛాయాచిత్రం, కర్త పేరు తప్ప వేరే ఆధారం మిగలదని విలేకరులు, మండల స్థాయి అధికారులు గుర్తిస్తే ఈ లోటు తీర్చడం కష్టమైన పని కాదు.

ఇటువంటి గ్రామీణ దృశ్యాలే సమకాలీన చిత్రకారులను తీర్చిదిద్దిన ఉదాహరణలు ఉన్నాయి. కరీంనగర్ ప్రాంతంలో 1942లో జన్మించిన తోట వైకుంఠం, బాల్యంలో చూచిన నాటక బృందాలలో స్త్రీ వేషాలు ధరించిన పురుషుల అలంకరణ తనపై ముద్ర వేసిందని పలుమార్లు తెలిపారు. పెద్ద బొట్టు, నిండైన దేహం, ఎరుపు, పసుపు చీరలతో నిలిచిన ఆయన తెలంగాణ స్త్రీమూర్తులు నేడు క్యాలెండర్లలో సైతం అనుకరణకు గురైనాయి. అనుకర్తలకు పట్టుబడనిది బొగ్గుతో ఆయన సాధించిన రేఖ. రంగు లేని వైకుంఠం చిత్రాలను చూచిన పిదపనే ఆ సంగతి బోధపడుతుంది.

మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో జన్మించిన కె. లక్ష్మాగౌడ్ పేరు ‘ఎచ్చింగ్’ ప్రక్రియతో ముడిపడి ఉన్నది. బరోడాలో కె.జి. సుబ్రహ్మణ్యన్ వద్ద శిక్షణ పొందిన ఆయనకు 2016లో పద్మశ్రీ లభించింది. ఎచ్చింగ్‌లో జింకు లేదా రాగి పలకపై మైనం వంటి పూత పూసి, సూదితో గీస్తారు. పలకను ఆమ్లంలో ముంచితే గీసిన చోట మాత్రమే లోహం కరిగి సన్నని గాళ్లు ఏర్పడతాయి. వాటిలో సిరా నింపి, తడి కాగితాన్ని పరచి యంత్రంతో ఒత్తుతారు. ఆమ్లంలో ఎంతసేపు ఉంచిన రేఖ అంత లోతుగాను, నల్లగాను పడుతుంది. చిత్రం అడుగున పెన్సిలుతో 3/25 అని ఉంటే, ఇరువది ఐదు ప్రతులు తీయగా అందులో అది మూడవదని అర్థం. అట్టి కృతిని రిజిస్టరులో ‘ప్రింటు’ అని మాత్రమే నమోదు చేస్తే, తరువాత వచ్చిన అధికారి దానిని సాధారణ అచ్చుబొమ్మగా తలచి తొలగించే ప్రమాదం లేకపోలేదు. ‘ఎచ్చింగ్, చిత్రకారుని సంతకంతో’ అని మూడు మాటలు చేర్చితే చాలు.

లక్ష్మాగౌడ్ అద్దం వెనుక వైపు చిత్రించే ప్రాచీన పద్ధతిని కూడా చేపట్టారు. ఇందులో పని అంతా తలక్రిందులు. కాగితంపై చివరగా పెట్టే కంటిపాప, ముక్కుపుడక అద్దంపై మొదటగా పెట్టాలి. తరువాత ముఖం, ఆపై చీర, అన్నిటికన్న చివరగా నేపథ్యం. ఒకసారి పైపూత పడిన తరువాత దిద్దుబాటుకు అవకాశం ఉండదు.

కుప్పం నుంచి తిరుపతి కంటె బెంగళూరు చేరువ. మద్రాసుకు కూడా నేరుగా రైలు మార్గం ఉన్నది. ఈ సరిహద్దు ప్రాంతపు యువతకు చిత్రకళా విద్య అనగానే ఆ రెండు నగరాలవైపే దృష్టి మళ్లడం అందువల్లనే. మద్రాసు కళాశాల నుంచి వచ్చిన తెలుగు చిత్రకారులలో దేవతామూర్తుల చిత్రమాలికకు ప్రసిద్ధి చెందిన రెడ్డప్పనాయుడు (1932–1999), లేపాక్షి కుడ్యచిత్రాల నుంచి, జానపద బొమ్మల నుంచి స్ఫూర్తి పొందిన కె. శ్రీనివాసులు ముఖ్యులు. కె.సి.ఎస్. పణిక్కర్ నాయకత్వంలో 1966లో మద్రాసు శివార్లలో వెలసిన చోళమండలం కళాకారుల గ్రామ వ్యవస్థాపకులలో రెడ్డప్పనాయుడు ఒకరు. ఆ గ్రామవాసులు బాతిక్ వస్త్రాల వంటి చేతిపనులు చేసి అమ్ముకొని, ఆ ఆదాయంతో చిత్రరచన సాగించారు. హస్తకళ, లలితకళ అని ప్రభుత్వ శాఖలు రెండు పద్దులుగా చూచే విషయాన్ని వారు ఒకే ఇంటి పనిగా నడిపారని చెప్పవచ్చు.

కలం, కరక్కాయ, ఏటి నీరు

ఆ రెండు పద్దుల నడుమ నేటికీ నలుగుతున్నది శ్రీకాళహస్తి కలంకారీ. 1950వ దశకం చివరలో కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో అక్కడ శిక్షణ కేంద్రం ఏర్పడకపోతే ఈ కళ అంతరించి ఉండేదని పరిశీలకుల అభిప్రాయం. ఆ తరువాతి తరానికి చెందిన జొన్నలగడ్డ గుర్రప్ప శెట్టికి 2008లో పద్మశ్రీ పురస్కారం లభించింది.

ఈ పద్ధతిలో ముందుగా నూలు గుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో ముంచి ఆరబెడతారు. కరక్కాయలోని వగరు రంగును పట్టుతుంది, పాలలోని కొవ్వు రంగు ప్రాకకుండా ఆపుతుంది. చింత బరికెల బొగ్గుతో చిత్తు గీత గీస్తారు. వెదురు పుల్లకు ఉన్ని లేదా గుడ్డ పేలికలు చుట్టి దారంతో బిగించినదే కలం. వ్రేళ్లతో ఆ చుట్టను ఒత్తిన కొలది రంగు మొనకు దిగుతుంది. నల్లరంగు కోసం తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లపు నీటిలో వారాల తరబడి ఊరబెడతారు. ఆ ద్రవం కలంలో ఉండగా లేతగా కనిపించి, కరక్కాయ పట్టిన గుడ్డను తాకగానే నల్లబడుతుంది. ఎరుపు రావలసిన చోట పటిక నీటితో గీసి, గుడ్డను పారే నీటిలో ఉతికి, మంజిష్ఠ, చిరివేరు వంటి వాటితో ఉడికిస్తారు. పటిక ఉన్న చోటే ఎరుపు నిలుస్తుంది. పసుపుకు కరక్కాయ పువ్వు, నీలానికి నీలిమందు.

అదనపు పటిక నిలువ నీటిలో ప్రక్కలకు ప్రాకి బొమ్మను చెరుపుతుంది కనుక ప్రవాహం తప్పనిసరి. స్వర్ణముఖి ఎండిన వేసవిలో కళాకారులు ఎదుర్కొనే ఇబ్బందిని ఈ కోణంలో గ్రహించవలసి ఉంటుంది. వారికి ఏరు కూడా ఒక పనిముట్టు.

రామాయణ భారత కథలకే పరిమితం కాక బుద్ధుని, క్రీస్తు జీవిత ఘట్టాలకూ కలంకారీ విస్తరించింది. హైదరాబాదులో 1977లో జన్మించిన లావణ్య మణి ఈ సహజవర్ణాల పద్ధతిని గ్యాలరీ చిత్రకళలోకి తీసుకువెళ్లారు. ఒకనాడు ఐరోపా వర్తకులను తెలుగు తీరానికి రప్పించిన అద్దకపు వస్త్రాల చరిత్రనే ఆమె గుడ్డపై చిత్రించారు. వస్తువు, పద్ధతి ఒకదానిలో ఒకటి కలిసిపోయిన అరుదైన సందర్భమిది.

మదనపల్లెలోని నీరుగట్టువారిపల్లె పట్టుచీరల నేతకు పేరెన్నికగన్న కేంద్రం. పట్టుపై కలంకారీకి ఆదరణ పెరిగిన కొలది, ఆ పేరుతో యంత్రంపైన, స్క్రీన్‌పైన అద్దిన వస్త్రాలు కూడా విపణిని ముంచెత్తినాయి. చేతితో గీసిన చీరకు వారాలు పడితే స్క్రీన్ చీర గంటలలో తయారౌతుంది. రెండింటిని ఒకే మాటతో వార్తలో గాని, ప్రభుత్వ ప్రదర్శనశాల ధరల పట్టికలో గాని పేర్కొన్నప్పుడు నష్టపోయేది కలం పట్టినవారే. మచిలీపట్నం, పెడన కలంకారీ చెక్క అచ్చులతో చేసేది. అది వేరొక ప్రాచీన సంప్రదాయం, దానికి ప్రత్యేక భౌగోళిక గుర్తింపు ఉన్నది. కనుక దానిని నకిలీగా చిత్రించడమూ సరికాదు.

గుర్తుపట్టడానికి నిపుణులు అవసరం లేదు. చేతి కలంకారీలో ఒకే పువ్వు రెండు చోట్ల ఉంటే ఆ రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు. గీత ఒక చోట లావై మరొక చోట సన్నబడుతుంది, కలంలో రంగు అయిపోయి తిరిగి ముంచిన చోటు తెలుస్తుంది. పలుచని నూలు గుడ్డను తిరగవేసి చూస్తే బొమ్మ వెనుకకు కూడా దిగి ఉంటుంది. రంగులు వేయని చోట గుడ్డ తెల్లగా కాక కొంచెం మీగడ రంగులో ఉంటే అది కరక్కాయ, పాల జాడ కావచ్చు. కొత్త గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకుంటే ఆ వాసన కూడా వస్తుంది.