వండని ఫోటో

పిల్లలూ! ఇంట్లో బియ్యం ఉంటే వాటిని పులిహోరకు పొడిపొడిగా వండవచ్చు, పెరుగన్నానికి మెత్తగా వండవచ్చు, పిండి పట్టించి అట్లు కూడా పోయవచ్చు. కాని వండిన అన్నాన్ని మళ్ళీ బియ్యంగా మార్చటం ఎవరి తరమూ కాదు. డిజిటల్ కెమెరా తీసే ఫోటోలలో కూడా ఇలాగే రెండు రకాలున్నాయి. వండని దాన్ని "రా" ఫైలు అంటారు. వండిన దాన్ని "జేపెగ్" ఫైలు అంటారు.

కెమెరాలో పూర్వం ఫిల్ము ఉండే చోట ఇప్పుడు సెన్సర్ అనే చిన్న పలక ఉంటుంది. దాని నిండా కంటికి కనిపించనంత చిన్న గళ్ళు కోట్ల కొద్దీ ఉంటాయి. ఒక్కొక్క గడీ తన మీద పడిన వెలుగును కొలుస్తుంది. ఆ కొలత ఒక అంకెగా మారుతుంది. విచిత్రమేమంటే ఈ గళ్ళకు రంగులు తెలియవు! అందుకని ప్రతి గడి మీదా ఒక రంగు పొర అమర్చుతారు. ప్రతి నాలుగు గళ్ళలో రెండింటికి ఆకుపచ్చ, ఒకదానికి ఎరుపు, ఒకదానికి నీలం. కొడాక్ కంపెనీలో పనిచేసిన బ్రైస్ బేయర్ అనే శాస్త్రజ్ఞుడు కనిపెట్టిన ఈ అమరికకు 1976లో పేటెంటు లభించింది. ఆకుపచ్చకు రెండు గళ్ళెందుకు? మన కన్ను సన్నని తేడాలను ఆకుపచ్చ కాంతిలోనే బాగా పసికడుతుంది గనక.

ఈ అంకెలను దాదాపు ఉన్నవి ఉన్నట్టుగా దాచిపెడితే అదే రా ఫైలు. అది ఇంకా బొమ్మ కాదు. తరువాత కంప్యూటరు పక్క గళ్ళను చూసి, ఒక్కొక్క గడిలో లేని రెండు రంగులనూ లెక్కకట్టి పూరిస్తుంది. వెలుగూ రంగులూ ఎలా ఉండాలో ఫోటో తీసిన మనిషి నిర్ణయిస్తాడు.

జేపెగ్ అయితే ఈ వంటంతా కెమెరాయే క్షణంలో చేసేస్తుంది. ఆ పైన బొమ్మను 8 వరసలూ 8 నిలువులూ గల చిన్న చిన్న ముక్కలుగా విడదీసి, ప్రతి ముక్కలోనూ మన కంటికి అంతగా ఆనని వివరాలను పారేస్తుంది. దీనికి ఆధారమైన లెక్కను బెంగుళూరులో పుట్టిన నసీర్ అహ్మద్ ఆలోచించాడు. దాని మీద పరిశోధనకు 1972లో ఆయన డబ్బు సహాయం కోరితే దొరకలేదు. అయినా ఆయన పని మానలేదు. నటరాజన్, కె. ఆర్. రావు అనే వారితో కలిసి 1974లో ఆ లెక్కను ప్రకటించాడు. 1992లో వచ్చిన జేపెగ్ పద్ధతికి అదే పునాది అయింది.

పారేసినందువల్ల నష్టమేమిటి? మామూలు జేపెగ్‌లో ఒక్కొక్క రంగుకు చీకటి నుంచి వెలుగు దాకా 256 మెట్లుంటాయి. 14 బిట్ల రా ఫైలులో 16,384 మెట్లు! తాతయ్య అరుగు మీద నీడలో కూర్చున్నప్పుడు తీసిన ఫోటోలో ఆయన ముఖం నల్లగా వచ్చిందనుకోండి. జేపెగ్‌లో వెలుగు బాగా పెంచితే ముఖం మీద మరకలు తేలవచ్చు. రా ఫైలులో పెంచితే, కనుబొమల వెంట్రుకలు కూడా బయటపడవచ్చు. అయితే రా ఫైలు మంత్రదండం కాదు. కుండ నిండి పొర్లిపోయిన నీరు తిరిగి రానట్టే, మితిమీరిన వెలుగుతో తెల్లబడిపోయిన చోట ఏమీ దొరకదు.

జేపెగ్‌ను ఊరికే చూసినా, కాపీ చేసినా ఏమీ పోదు. కాని దిద్ది మళ్ళీ జేపెగ్‌గానే దాచినప్పుడల్లా మరి కాస్త పోతుంది.

అలాగని జేపెగ్‌ను చిన్నచూపు చూడకూడదు. దాని ఫైలు చాలా చిన్నది, ఎక్కడైనా తెరుచుకుంటుంది. రాయిటర్స్ వార్తాసంస్థ 2015లో, తమకు బయటినుంచి ఫోటోలు పంపేవారిని కెమెరాలోనే జేపెగ్‌గా తీసినవి పంపమని కోరింది. వార్త త్వరగా చేరాలి, ఫోటోలో అనవసరపు మార్పులు జరగకూడదు అన్నది వారి ఉద్దేశం. లండన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియం నడిపే వన్యప్రాణి ఫోటోల పోటీలోనేమో, చివరిదాకా నిలిచిన వారిని రా ఫైలు చూపమంటారు. పంపిన ఫోటోను దానితో పోల్చి, నిజానిజాలు తేలుస్తారు. ఇద్దరూ కోరేది నిజాన్నే. దారులు మాత్రం వేరు!

మరి మీరేం చెయ్యాలి? ఆటల ఫోటోలకూ, వెంటనే స్నేహితులకు పంపేవాటికీ జేపెగ్ చాలు. అక్క పెళ్ళి, తాతయ్య ముఖం, అటక మీద శిథిలమైపోతున్న తాటాకు పుస్తకం మళ్ళీ మళ్ళీ దొరికేవి కావు. అటువంటి వాటిని రా ఫైలుగా కూడా తీసి దాచండి. రెండు రకాలూ ఒకేసారి తీసే వీలు చాలా కెమెరాలలోనూ, కొన్ని ఫోనులలోనూ ఉంది. అన్నం ఈ పూటకు, బియ్యం రేపటికి!