గోగుపుల్లలూ గొట్టంపొయ్యీ

నెల్లిమర్లలో మా పాత వంటింటి గోడకి ఇప్పటికీ ఒక కన్నం ఉంది. పొగగొట్టం దూర్చిన కన్నం. గొట్టం ఎప్పుడో పోయింది, చుట్టూ మసి మాత్రం పోలేదు.

జూట్ మిల్లు ఊరు కదా, మా వైపు పొయ్యిలోకి గోగుపుల్లలే. నార ఒలిచాక మిగిలే తెల్లటి పుల్లలు. ఎండినవైతే భగ్గున అంటుకుంటాయి, మంచుకి చెమ్మగిల్లితే ఇల్లంతా పొగ. పొగంటే మరేం కాదు, కాలడం పూర్తికాని కట్టే. వేడికి కట్టెలోంచి ముందు ఆవిరి, తర్వాత మండే వాయువులు వస్తాయి. వాటికి తగినంత వేడీ గాలీ అందితే మంట, అందకపోతే పొగ. అందులో వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు కూడా లేని నలుసులుంటాయి. ముక్కు వాటిని ఆపలేదు, నేరుగా ఊపిరితిత్తుల అడుక్కి చేరతాయి.

ఈ పొగని గోడ దాటించాలని పూనుకున్నవాళ్ళలో హైదరాబాద్ ఇంజనీరింగ్ రిసెర్చ్ లేబరేటరీస్‌కి చెందిన ఎస్.పి. రాజు ఒకరు. అంతకుముందే 1947లో వార్ధా మగన్‌వాడీ నుంచి ఇలాంటి పొయ్యే 'మగన్ చూలా' వచ్చింది. 1953లో రాజుగారు 'స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్' అనే పుస్తకం వేశారు. ఆయన పొయ్యి ఆ ప్రయోగశాల పేరులోని పొడి అక్షరాలతో 'హెర్ల్ చూలా' అయింది. సరంజామా అంతా మట్టే. మంట మొదటి కుండని తాకి, మట్టి సొరంగంలోంచి రెండో కుండ కిందికి పాకి, గొట్టంలోకి పోతుంది. వేడిగాలి తేలిక కాబట్టి పైకి లేస్తుంది, లేస్తూ పొయ్యి నోట్లోంచి కొత్త గాలిని లాగుతుంది. ఊదుగొట్టంతో పనిలేదు. నా దృష్టిలో ఇంత చవకైన యంత్రం మరొకటి లేదు.

1983లో కేంద్రం ఇలాంటి మెరుగైన పొయ్యిల కోసం జాతీయ కార్యక్రమం పెట్టింది. 2002లో ముగించేసరికి దేశంలో 3 కోట్లకు పైగా పొయ్యిలు లెక్కకొచ్చాయి. లెక్కలో పొయ్యిలున్నాయి గానీ పొగ లేదు.

మా నాయనమ్మ గొట్టంపొయ్యికి ఏమైందో నేను చూశాను. పొడుగు పుల్లలు పట్టడం లేదని పొయ్యి నోరు పగలగొట్టి వెడల్పు చేసింది. ఒక్క కూరే వండే రోజున రెండో కంత ఖాళీగా ఉండి అందులోంచి పొగ. ఏడాది తిరిగేసరికి గొట్టం నిండా మసి. "గొట్టం మూసుకుపోనాది. పెంకులెక్కి పొడవమంటే నానెక్కగల్నేటి?" అంది.

ఆ మాటే పెద్ద అధ్యయనంలోనూ తేలింది. మా పక్కనున్న ఒడిశాలో దాదాపు 2,600 ఇళ్ళని ఆర్థికవేత్త ఎస్తర్ డుఫ్లో బృందం కొన్నేళ్ళు గమనించింది. గొట్టం పొయ్యి పెట్టిన మొదటి ఏడాది పొగ పీల్చడం తగ్గింది, తర్వాత ఆ తేడా పోయింది. పొయ్యిలు బాగుచేసుకున్నవాళ్ళు తక్కువ, క్రమం తప్పకుండా వాడినవాళ్ళూ తక్కువే.

గ్యాసు సంగతి వేరు. తెలంగాణ పల్లెల్లో కొలిచి 2004లో ప్రచురించిన లెక్క ప్రకారం, రోజంతటి సగటు తీస్తే, గ్యాసు వాడే ఇళ్ళలో ఘనపు మీటరు గాలికి 73 మైక్రోగ్రాముల సన్నని ధూళి ఉంటే, కట్టె, పిడక వాడే ఇళ్ళలో అది 732 దాకా ఉంది. 1999లో గ్యాసు కనెక్షన్ల దీపం పథకం, 2024 నవంబరులో శ్రీకాకుళం జిల్లా ఈదుపురంలో మొదలైన దీపం-2, ఏడాదికి మూడు ఉచిత బండలు. వంటిల్లు తెల్లబడింది.

అయినా పుష్యమాసంలో తెల్లవారుజామున ఊళ్ళోకి దిగితే కళ్ళు మండుతాయి. ఇంటింటి పెరట్లో మూడిటుకల మీద డేగిసా, కింద గోగుపుల్లలు. రాత్రి నేల చల్లబడి, దాన్ని ఆనుకున్న గాలీ చల్లబడుతుంది. పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. పొగ పైకి పోలేక, చంపావతి మీది మంచుతో కలిసి ఇళ్ళ కప్పుల ఎత్తులోనే తిరుగుతుంది. బాలింత గదిలో కుంపటైతే మరీ ప్రమాదం. బొగ్గుకి పొగ కనపడదు, తలుపులు మూసిన గదిలో కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనా ఉండదు.

మా అమ్మనడిగాను, బండ ఉండగా ఈ మంటెందుకని.

"కూరకి గేసు గానీ, తానానికి గేసేట్రా?" అని ఇంకో పుల్ల తోసింది.