తేయాకు కొండకు ఒకరోజు యాత్ర – తేనీటి గుణదోషాలు

ఉదయం నిద్ర లేచినది మొదలు రాత్రి భోజనం వరకు తేనీరు లేకుండా గడిచే ఇల్లు నేడు అరుదు. చరక, సుశ్రుత సంహితలలో తేయాకు ప్రసక్తి లేదు. కనుక నిత్యం సేవించే ఈ ఆకు గుణదోషాలను మనమే పరిశీలించి తెలుసుకోవలసి ఉన్నది. ఇందుకు శ్రీలంక కొండసీమలోని లూలెకొండేరా తోట తగిన పాఠశాల.

తోట చరిత్ర

ఈ తోట క్యాండీ నగరానికి ఆగ్నేయంగా సుమారు 35 కిలోమీటర్ల దూరంలో కలదు. ఉదయం బయలుదేరినవారు సాయంత్రానికి తిరిగి రావచ్చును. 1852లో ఆ దీవికి వచ్చిన జేమ్స్ టేలర్ అనే స్కాట్లండు యువకుడు 1867లో ఇక్కడ 19 ఎకరాలలో తేయాకు నాటాడు. అప్పట్లో ఆ కొండలపై కాఫీ తోటలదే ప్రాబల్యం. 1869లో కనిపించిన ఆకుతుప్పు తెగులు కాఫీని క్రమంగా నాశనం చేయగా, తేయాకు దాని స్థానాన్ని ఆక్రమించింది. టేలర్ సింకోనా చెట్లను కూడా పెంచాడు. వాటి బెరడు నుండియే మలేరియా జ్వరానికి ఔషధమైన క్వినైన్ లభిస్తుంది. ఆయన నివసించిన కుటీరపు పొగగొట్టం, కూర్చున్న రాతి ఆసనం నేటికీ చూడవచ్చును.

యాత్రికులకు సూచనలు

కొండదారి మలుపులలో వికారం కలిగేవారు బయలుదేరే ముందు చిన్న అల్లపు ముక్కను ఉప్పుతో నమలడం మేలు. తడి నేలలో జలగలు ఉంటాయి. జలగ పట్టినచో గట్టిగా లాగరాదు. గోటి అంచుతో దాని నోటిని మెల్లగా తప్పించి, గాయాన్ని సబ్బునీటితో కడగవలెను.

ఆకు తేనీరయ్యే విధం

కొమ్మ చివరనున్న రెండు లేత ఆకులను, ఒక మొగ్గను మాత్రమే కోస్తారు. తోటలలో ఈ పని చేసేవారిలో అధికులు స్త్రీలు. కోసిన ఆకును గాలి తగిలేటట్లు పరచి గంటల తరబడి వాడబెడతారు. పిమ్మట యంత్రంలో నలుపుతారు. నలిగిన ఆకు రసం గాలి సోకి రాగిరంగుకు మారుతుంది. తరువాత వేడిగాలితో ఆరబెట్టి, జల్లించి, రకాలుగా విభజిస్తారు. టేలర్ తొలినాళ్ళలో తన బంగళా వరండాలోనే చేతులతో ఆకును నలిపించేవాడు. జల్లెడ గుండా క్రిందికి రాలే సన్నని పొడి నుండి రంగు త్వరగా, గాఢంగా దిగుతుంది. మన ఇళ్ళలో ఎక్కువగా వాడేది ఇటువంటి సన్నని రకాలనే.

శరీరంపై ప్రభావం

తేనీటిలోని కెఫీన్ మగతను పోగొట్టి చురుకుదనం కలిగిస్తుంది. అధికమైనచో నిద్రాభంగం, గుండెదడ కలుగుతాయి. దీని వగరు టానిన్ల వలన వచ్చినది. ఆయుర్వేదం వగరును కషాయరసమని, అతిగా సేవించినచో అది వాతాన్ని పెంచి మలబద్ధకం కలిగిస్తుందని చెబుతుంది.

అంతకంటె ముఖ్యమైన విషయం మరొకటి కలదు. ఆకుకూరలు, పప్పుధాన్యాలలోని ఇనుమును ఈ టానిన్లు పట్టి ఉంచి, దేహానికి అందనీయవు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుండి 49 సంవత్సరాల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నది. దీనికి తేనీరే కారణమని చెప్పరాదు. కాని తోటకూర పప్పుతో భోజనం ముగించి వెంటనే తేనీరు త్రాగే గృహిణి, తాను తిన్న ఇనుములో కొంత భాగాన్ని తానే కోల్పోతున్నది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకాలు భోజనానికి ఒక గంట ముందు, ఒక గంట తరువాత తేనీరు, కాఫీ మానవలెనని సూచించాయి.

సేవించవలసిన పద్ధతి

1. నీరు మరిగిన పిమ్మట పొయ్యి నుండి దించి, ఆకు వేసి, మూడు నాలుగు నిమిషాలు మూత ఉంచి వడకట్టవలెను. పొడిని పదే పదే మరిగించరాదు.
2. పరగడుపున కడుపులో మంట కలిగేవారు ఏదైనా తిన్న తరువాతనే సేవించవలెను.
3. ఇనుము మాత్రలను తేనీటితో మ్రింగరాదు. ఉసిరి, నిమ్మ, జామ వంటివి భోజనంతో తీసుకొన్నచో ఇనుము బాగా ఒంటబడుతుంది.
4. సాయంత్రం పొద్దుపోయిన తరువాత తేనీరు మానడం నిద్రకు మేలు.
5. గర్భిణులు, రక్తహీనత గలవారు వైద్యుని సలహాపై పరిమితి నిర్ణయించుకోవలెను.

తేయాకుకు పేరుగాంచిన ఆ దీవిలో సైతం జలుబు చేసినప్పుడు ఇళ్ళలో కాచేది ధనియాలు, అల్లంతో కషాయమే. మన ధనియాల కాఫీకి అది తోబుట్టువు. రెండు చెంచాల ధనియాలు, చిటికెడు సొంఠి రెండు గ్లాసుల నీటిలో వేసి, సగమయ్యేవరకు కాచి, కొద్దిగా బెల్లం కలిపి వెచ్చగా త్రాగవచ్చును. రోజూ త్రాగే మూడు కప్పుల తేనీటిలో ఒకదాని స్థానంలో దీనిని ఉంచి చూడండి. తేనీరును పూర్తిగా విడువనవసరం లేదు. వేళను, పాళ్ళను ఎరిగి సేవించినచో చాలును.