బ్యాక్టీరియా తన పొరలో పంపు ఎలా బిగించుకుంటుంది?

ఆమదాలవలస నుంచి మాట్లాడుతున్నాను. ఈసారి ఒక మందుతో మొదలెడదాం. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు వినే ఉంటారు. ఆయన పరిశోధన విభాగం డైరెక్టర్‌గా ఉన్న అమెరికా కంపెనీ లెడర్లీలోనే బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశారు. 1948లో బయటికొచ్చిన ఆ మందే టెట్రాసైక్లిన్లకి పెద్దన్న.

ఇది బ్యాక్టీరియాలో ప్రోటీన్లు తయారుచేసే రైబోజోమ్‌ని ఆపేస్తుంది. కానీ కొన్ని బ్యాక్టీరియా దీనికి లొంగవు. సంగతేటంటే, అవి టెట్ఏ అనే పంపుని లోపలి పొరలో బిగించుకుంటాయి. మందు లోపలికి రావడం, అది బయటికి తోసేయడం!

బిగించడం మాత్రం అంత వీజీ కాదు. పొర మధ్యంతా కొవ్వు. దాన్ని దాటే ముక్కలు ఈ పంపులో 12, అవీ జిడ్డువే. పూర్తిగా తయారయ్యాక కణం లోపలి నీళ్లలో వదిలేస్తే, చన్నీళ్లలో నెయ్యిలా ఉండకట్టి పనికిరాకుండా పోతాయి.

అందుకే తయారవుతుండగానే పట్టుకుపోవాలి. మొదటి జిడ్డు ముక్క రైబోజోమ్‌లోంచి తల బయటపెట్టగానే ఎస్ఆర్‌పీ అనేది పట్టుకుని, రైబోజోమ్‌తో సహా పొర దగ్గరకి తీసుకెళ్తుంది. అక్కడ సెక్‌వై అనే దారి ఉంటుంది. శ్రీకాకుళం టౌన్‌కి వెళ్లాలన్నా రైలు దిగేది మా ఊళ్లోని శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లోనే కదా, అలాగే వీటికీ దిగే చోటు ఇదే. దీనికి రెండు తలుపులు. ఒకటి నేరుగా పొర అవతలికి, ఇంకోటి పక్కకి, కొవ్వులోకి. జిడ్డు ముక్క పక్క తలుపులోంచి జారిపోతుంది. కొవ్వుకి కొవ్వే ఇష్టం మరి! ఒక్కో ముక్కలో సుమారు 20 అమైనో ఆమ్లాలు, పొర మందానికి సరిగ్గా సరిపోతాయి. వైఐడీసీ అనే ఇంకో ప్రోటీన్ కూడా చాలా ప్రోటీన్లకి ఇక్కడ ఒక చెయ్యి వేస్తుంది.

మందు రైబోజోమ్‌నే ఆపేస్తే అసలు పంపు ఎలా తయారవుద్ది? నాకు బాగా నచ్చిన భాగం ఇదే. పంపులు మరీ ఎక్కువైతే బ్యాక్టీరియా ప్రాణానికే ముప్పు, అందుకే టెట్ఆర్ అనే కాపలాదారు ఆ జీన్‌ని మూసి ఉంచుతుంది. రైబోజోములు ఆగేంత మందు చేరకముందే, రవ్వంత తగలగానే టెట్ఆర్ తప్పుకుంటుంది. పంపులు చకచకా బిగుసుకుంటాయి.

ఈ జీన్ తరచూ ప్లాస్మిడ్ మీద ఎక్కి ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి వెళ్తుంది. వైరస్ జ్వరానికి కూడా చీటీ లేకుండా "రెండు యాంటీబయాటిక్ గోలీలివ్వు" అనేవాళ్లు మా వీధిలోనూ ఉన్నారు. ఆ గోలీలు వైరస్‌ని ఏమీ చేయలేవు. పేగుల్లో మామూలు బ్యాక్టీరియా చచ్చి, పంపున్నవి మాత్రం ఖాళీ అయిన చోటంతా పెరుగుతాయి.