పసరు దారి తప్పితే...

2022లో మా శ్రీమతికి గాల్‌బ్లాడర్‌లో రాళ్ళున్నాయని తేలితే బరంపురంలోనే లాపరోస్కోపీ ఆపరేషన్ చేయించాం. నాలుగు చిన్న గాట్లు, రెండో రోజుకే ఇల్లు. ‘ఇంత సులువా!’ అనుకున్నాం.

మూడో రోజు కడుపు ఉబ్బరం, కుడిపక్క నొప్పి, వాంతులు. గ్యాసేమోనని వాము నీళ్ళు పట్టాను. ‘తగ్గిపోతుంది లెండి’ అంది ఆవిడ. నేనూ నమ్మాను. ఐదో రోజుకు చలిజ్వరం, కళ్ళలో పచ్చదనం. స్కానింగ్ చేస్తే కడుపులో పైత్యరసం చేరిందన్నారు. అదే మనవాళ్ళు పసరు అనేది.

కాలేయం రోజుకు అర లీటరు నుంచి లీటరు దాకా ఈ రసాన్ని తయారుచేస్తుంది. గాల్‌బ్లాడర్ దాన్ని నిలవచేసే సంచి మాత్రమే. సంచిని తీసేటప్పుడు దాని తొడిమలాంటి నాళాన్ని క్లిప్పులతో మూస్తారు. క్లిప్పు జారినా, కాలేయాన్ని అంటుకున్న సన్నని నాళం తెగినా పసరు కడుపులోకి కారుతుంది. ఇది అరుదే గాని, అశ్రద్ధ చేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

ఆ రాత్రే విశాఖపట్నం తీసుకెళ్ళాం. యాంటీబయోటిక్స్ మొదలుపెట్టి, పొట్టలోకి సన్నని గొట్టం వేసి చేరిన పసరును బయటి సంచిలోకి తీశారు. మర్నాడు నోటి గుండా ఎండోస్కోపు పంపి, పిత్తనాళం పేగులో కలిసేచోట స్టెంటు పెట్టారు. ‘నీరు పల్లమెరుగు కదండీ! పేగువైపు దారి సులువైతే పసరు అటే పోతుంది. కారేచోటు దానంతటదే పూడుతుంది’ అన్నారు డాక్టరుగారు.

సంచిలోకి రోజూ ఎంత వచ్చిందో రాయమన్నారు. ముప్ఫై ఏళ్ళుగా బ్యాంకులో అంకెలు రాస్తున్నా, ఇంత భయంతో ఎన్నడూ రాయలేదు. 350 మిల్లీలీటర్లు, 200, 90, 20... చివరకు సున్నా. సున్నాను చూసి సంతోషించడం నాకదే మొదలు. గొట్టం తీసేశారు. ఆరు వారాలకు స్టెంటూ తీశారు. దాన్ని తీయించుకోవడం మరిస్తే మూసుకుపోయి జ్వరం, కామెర్లు రావచ్చు.

ప్రధాన నాళమే తెగితే మాత్రం స్టెంటు చాలదు. నాళాన్ని పేగుతో కలిపే పెద్ద ఆపరేషన్ కావాలి. అందులో చేయితిరిగిన సర్జన్‌ దగ్గరికే వెళ్ళాలి.

పాఠకులకు నా మనవి ఒక్కటే. ఆపరేషన్ నొప్పి రోజురోజుకూ తగ్గాలి. పెరిగినా, జ్వరమో వాంతులో కామెర్లో తోడైనా అదేరోజు ఆసుపత్రికి వెళ్ళండి. వాము నీళ్ళతో నేను రెండు రోజులు పోగొట్టాను.

మా ఆవిడ ఇప్పుడు కులాసా. ఆ అంకెల పుస్తకం మాత్రం బీరువాలో దాచుకున్నాను.