నేరస్థలమే తొలి సాక్షి
చెరిగిన ఆనవాళ్లు తిరిగి రావు

మాచర్ల: ఊరిలో హత్య జరిగిందన్న వార్త పొక్కగానే పోలీసుల కంటే ముందు జనం గుమిగూడటం పల్లెల్లో పరిపాటి. కొందరు మృతదేహాన్ని కదిలిస్తారు. మరికొందరు నెత్తుటి మరకలపై నీళ్లు చల్లుతారు. ఆత్రంతోనో, అయినవారిపై మమకారంతోనో చేసే పనులే అయినా వాటివల్ల కేసుకు ప్రాణమైన ఆనవాళ్లు చెరిగిపోతాయి. కక్షలున్న గ్రామాల్లో సాక్షి భయపడి మాట మార్చవచ్చు. గిట్టనివారి పేర్లను ఫిర్యాదులో ఇరికించవచ్చు. అటువంటప్పుడు దోషిని పట్టించేదీ, నిర్దోషిని కాపాడేదీ ఘటనా స్థలంలో దొరికే ఆధారమే.

తొలి గంటలు కీలకం
సమాచారం అందిన వెంటనే చేరుకునే సిబ్బంది ముందుగా క్షతగాత్రులను ఆస్పత్రికి తరలిస్తారు. ఆపై స్థలం చుట్టూ తాడు కట్టి రాకపోకలు నిలిపివేస్తారు. ఏ వస్తువునూ తాకకముందే దూరం నుంచి, దగ్గర నుంచి ఫొటోలు తీస్తారు. కొలతలతో చిత్తుపటం గీస్తారు. మధ్యవర్తుల సమక్షంలో పంచనామా రాస్తారు. నాటుబాంబులు వాడిన చోట బాంబు స్క్వాడ్ తనిఖీ ముగిశాకే మిగతావారు అడుగు పెడతారు. పోలీసు జాగిలం దర్యాప్తునకు దారి చూపుతుందే తప్ప అది చూపిన ఆచూకీ ఒక్కటే శిక్షకు చాలదు.

మట్టికీ ఓ పొట్లం
క్లూస్ టీం నునుపైన నాపరాళ్ల గచ్చు, బీరువా, గాజు గ్లాసు వంటి వాటిపై పొడి చల్లి వేలిముద్రలు సేకరిస్తుంది. తడి నేలలో పడిన అడుగుజాడలకు ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అచ్చు తీస్తుంది. నెత్తురు అంటిన మట్టితోపాటు అంటని మట్టిని కూడా వేరుగా తీస్తారు. పోల్చి చూడటానికి రెండూ అవసరం. రక్తపు దుస్తులను నీడలో ఆరబెట్టి కాగితపు సంచిలో భద్రపరుస్తారు. ప్లాస్టిక్ కవరులో పెడితే తేమకు బూజు పట్టి డీఎన్‌ఏ పాడవుతుంది. పెట్రోలు పోసి తగలబెట్టిన కేసుల్లో ఇందుకు భిన్నంగా ఆవిరి పోకుండా గాలి చొరబడని డబ్బా వాడతారు. పురుగుమందు మరణమని అనుమానం ఉంటే డబ్బా, మూత, గ్లాసు అన్నీ ఆధారాలే.

ప్రతి పొట్లానికీ సీలు వేసి, మధ్యవర్తుల సంతకాలున్న చీటీ అంటించి ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పంపుతారు. అది ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో లెక్క తప్పితే కోర్టులో కేసు బలహీనపడుతుంది.

చట్టం ఏమంటోంది
2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 176(3) సెక్షన్ ప్రకారం ఏడేళ్లు, అంతకుమించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి వెళ్లి ఆధారాలు సేకరించాలి. దీనిని ఐదేళ్లలోగా అమలుకు తెచ్చేలా రాష్ట్రాలకు గడువు ఇచ్చారు. 105వ సెక్షన్ ప్రకారం సోదాలు, స్వాధీనాలను వీడియో తీయాలి. నేరస్థుడిని కాపాడేందుకు ఆధారాలు మాయం చేయడం భారతీయ న్యాయ సంహిత 238వ సెక్షన్ కింద నేరం.

ఇబ్రహీంపట్నం నేర్పిన పాఠం
విజయవాడ సమీపంలోని ఇబ్రహీంపట్నం హాస్టల్‌లో 2007 డిసెంబరు 27న ఓ ఫార్మసీ విద్యార్థిని హత్యకు గురైంది. నిందితుడికి 2010లో కింది కోర్టు శిక్ష విధించగా, 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషిగా విడుదల చేసింది. అప్పటికే ఆయన ఏళ్ల తరబడి జైలులో గడిపారు. పునర్దర్యాప్తు మొదలయ్యాక కేసు రికార్డులు విజయవాడ కోర్టులో ధ్వంసమైనట్లు తేలింది. 2018లో హైకోర్టు దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. 2019 డిసెంబరులో తెనాలిలో సమాధి తవ్వి అవశేషాలకు మళ్లీ పరీక్షలు జరపాల్సి వచ్చింది. ఆధారాలను సేకరించడమే కాదు, చివరిదాకా కాపాడటమూ ముఖ్యమేనని ఈ కేసు చాటింది.

ప్రజలు ఏం చేయాలి?
* ప్రాణం ఉందేమో చూసి, వెంటనే 112, 108 నంబర్లకు ఫోన్ చేయాలి.
* మృతదేహాన్ని, ఆయుధాలను, సీసాలను తాకరాదు. నేల కడగరాదు.
* లోపలికి వెళ్లినవారి పేర్లు, తాకిన వస్తువులు పోలీసులకు చెప్పాలి.
* ఫొటోలు, వీడియోలు తీసి ఫోన్లలో పంచరాదు.
* పిల్లలను, పశువులను, కోళ్లను అటువైపు వెళ్లనీయరాదు.