విశాఖ రేవులో ఒక పగలు

పిల్లలూ, మన హుజూరాబాదులో చెరువులున్నాయి, కాకతీయ కాలువ ఉన్నది. కాని సముద్రం లేదు. అందుచేత 2022 జూన్‌లో నేను చెన్నైలో విహారనౌక ఎక్కి విశాఖపట్నం చూసి వస్తానని తెలియగానే మా వాడ పిల్లలు చుట్టూ మూగి, "తాతా, మాకు సముద్రం ఫోటోలు తీస్కరా!" అని పట్టుబట్టారు. సరేనన్నాను.

మన తూర్పు తీరాన సూర్యుడు సముద్రంలోనుంచి లేచినట్టు కనిపిస్తాడు. ఓడ పైభాగాన నిలబడి ఆ వింత ఫోటో తీశాను. రేవు దగ్గర పడగానే కెమేరాను సంచిలో పెట్టేశాను. అక్కడ మన నౌకాదళ స్థావరం ఉన్నది. దేశరక్షణకు సంబంధించిన చోట్ల ఫోటోలు తీయరాదు.

రేవు ముఖద్వారం పక్కనే సముద్రంలోకి చొచ్చుకువచ్చిన కొండ ఒకటి ఉన్నది. డాల్ఫిన్ ముక్కులాగా ఉండటంచేత దాన్ని డాల్ఫిన్స్ నోస్ అంటారు. దాని చాటున అలల జోరు తగ్గుతుంది. పెద్ద ఓడలకు ఈ రేవును 1933లో తెరిచారు.

సాయంత్రానికి తిరిగి ఓడ ఎక్కాలి. ఓడ మన కోసం ఆగదు గదా! గబగబా పాతపట్నం వైపు నడిచాను. అక్కడ మూడు కొండలున్నాయి. ఒకదానిమీద వేంకటేశ్వరస్వామి గుడి, ఇంకొకదానిమీద దర్గా, మూడవదానిమీద మేరీమాత చర్చి. వాటికి మూడు ఫోటోలు తీసుకుని చేపల రేవుకు చేరాను.

అక్కడ ఎటు చూసినా పడవలే! ఒకదాని పక్కన ఒకటి, అన్నీ కట్టేసి ఉన్నాయి. వాటి ముందు ఒక ముసలమ్మ ఎండుచేపల బుట్ట పెట్టుకుని కూర్చున్నది. దృశ్యం బాగున్నదని చటుక్కున ఫోటో తీశాను.

ఆమె ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని, "ఏటి బాబూ, ఒక్క మాటైనా అడక్కుండా తీసేసినావు?" అన్నది.

నాకు సిగ్గు వేసింది. ఒకరి వస్తువు అడగకుండా తీసుకోరాదని బడిలో ఎన్నో ఏళ్ళు పాఠం చెప్పినవాణ్ణి నేను! "తప్పయిందమ్మా," అని, ఆమె చూస్తుండగానే ఆ ఫోటో తుడిపేశాను.

ఆమె శాంతించింది. "పడవలన్నీ ఎందుకమ్మా కట్టేశారు? తుఫాను వస్తున్నదా?" అని అడిగాను.

ఆమె నవ్వి, "తుఫానేటి బాబూ! వేట బందు. సేపలు గుడ్లెట్టే కాలం. ఇప్పుడు తల్లిసేపని పట్టేస్తే రేపు మా పిల్లలేటి తింటారు?" అన్నది.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవలు వేటకు పోరాదు. పడమటి తీరంలో ఈ విరామం జూన్ 1 నుంచి జూలై 31 వరకు. మెక్సికో దేశంలో మసత్లాన్ అనే సముద్రతీర పట్టణం ఉన్నది. అక్కడ కూడా విహారనౌకలు ఆగుతాయి. అక్కడి జాలరులు కూడా ఏటా కొన్ని నెలలు రొయ్యల వేట మానుకుంటారు.

వేట లేనినాడు సంపాదన ఉండదు. ప్రభుత్వం భృతి ఇచ్చినా, రెండు నెలలు ఇల్లు గడవటం కష్టమేనని ఆమె చెప్పింది. అప్పుడు నాకు మన ఊరు గుర్తుకు వచ్చింది. అవి మృగశిర కార్తె రోజులు. 'మిరుగం' నాడు మనం చేపలు కొని వండుకుంటాం. సరిగ్గా అదే సమయంలో అక్కడ చేపలు పట్టేవారు పడవలు కట్టేసి, ముందు తరాల కోసం కడుపు కట్టుకుని కూర్చున్నారు!

నేను లేవబోతుంటే ఆమె కొంగు సర్దుకుని, "ఇప్పుడు తియ్యి బాబూ," అన్నది. తీశాను. ఇంటికి రాగానే అచ్చు వేయించి, ఆమె చెప్పిన చిరునామాకు పోస్టులో పంపాను.

మా వాడ పిల్లలు ఫోటోలన్నీ చూశారు. సూర్యోదయం చూసి కేకలు వేశారు. పడవల ఫోటో చూసి మాత్రం, "తాతా, గిన్ని పడవలు ఊకెనే ఎందుకున్నయి?" అని అడిగారు. ఫోటోలో దానికి జవాబు లేదు. ముసలమ్మను అడిగాను గనుక నేను చెప్పగలిగాను.

పిల్లలూ, మీరు కూడా కొత్త ఊరు వెళ్ళినప్పుడు ఫోటోలు తీయండి. కాని మనుషుల ఫోటో తీసేముందు వారి అనుమతి అడగండి. తీసిన తరువాత నాలుగు మాటలు కూడా అడిగి తెలుసుకోండి.